ఎల్సీ అవ్వను ఎక్కడ పెట్టాలి

కాయితాలు గంటలో వచ్చేస్తాయని చెప్పి, యాత్రికుల గుంపును తీసుకొచ్చిన ఇస్మాయిల్ భాయ్ లిఫ్టు వైపు పోయాడు. అవి వచ్చాక సల్మా ఒక్క సంతకం పెడితే చాలునట, రాత్రి ఇషా నమాజు కాగానే పెద్ద మసీదులోనే జనాజా ప్రార్థన, అక్కణ్నుంచి నాలుగడుగులు వేస్తే బఖీ శ్మశానం. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి గానీ ఆ నీళ్ల వెనకాల ఒక వెలుగు కూడా ఉంది, ఉండదా మరి, మదీనాలో ప్రాణం పోవడం, బఖీలో మన్ను దొరకడం మాటలా, ఆ ఒక్క ఆశతోనే ఒంట్లో సత్తువ లేకపోయినా విమానమెక్కి వచ్చే ముసలివాళ్లు ఎంతమందో ఖాసింబీకి తెలియనిదా, హోటల్లో ఆమె దులిపి మార్చే పక్కలన్నీ అలాంటివాళ్లవే. ఆసుపత్రి వసారాలో గోడ వెంబడి ఇనుప కుర్చీలు. సాయంత్రపు అసర్ నమాజు దాటిన ఎండ కిటికీలోంచి వాలి ఆ కుర్చీల కాళ్లదాకా వచ్చింది. రెండు కుర్చీల అవతల సల్మా కూర్చుని ఉంది, ఒళ్లో వాళ్ల అమ్మమ్మ సంచి, సంచిలో చెప్పులు, కళ్లద్దాలు, సగం తాగిన జంజం నీళ్ల సీసా. ఎదురుగా మూసి ఉన్న తలుపు, తలుపు అవతల ఆ అమ్మమ్మ. ఖాసింబీ ఒంటిమీద హోటలు యూనిఫారం అలాగే ఉంది, జేబులో ఏడో అంతస్తు గదుల తాళం కార్డు అలాగే ఉంది, నోట్లో ఆ ముసలామె చెప్పిన మాట కూడా అలాగే ఉంది, మింగడానికీ లేదు, కక్కడానికీ లేదు.

ఇక్కడ వద్దు, అంది ఆమె. నన్ను ఇక్కడ పెట్టనివ్వొద్దు. అమ్మ దగ్గరికి తీసుకుపొమ్మను. ప్రాణం పోయేముందు ఖాసింబీ మణికట్టు పట్టుకుని అంది, ఆ పట్టు ఇప్పటికీ చేతిమీద తెలుస్తూనే ఉంది. పాస్‌పోర్టులో ఆమె పేరు ఎల్సీ, ఆస్ట్రేలియా నుంచి ఉమ్రా యాత్రకు కలిసి వచ్చిన గుంపులోవాళ్లు మెహరున్నిసా ఆపా అనేవాళ్లు, ఖాసింబీకి మాత్రం మొదటిరోజు నుంచీ అవ్వే. ఆ రోజు గది తలుపు తట్టి లోపలికి పోయేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉన్న ఆ చామనచాయ మొహం, ఆ వెడల్పు ముక్కు, పండిపోయిన వంకీల జుట్టు చూసి ఎవరో మన సీమ ముసలామే అనుకుని "ఏ ఊరవ్వా మీది?" అని తెలుగులోనే అడిగేసింది. అవ్వ నవ్వి, అదేం భాష, ఇంకోసారి అను, అంది ఇంగ్లీషులో. ఖాసింబీకి ఇంగ్లీషు హోటలు నేర్పినంతే వచ్చు, తువ్వాళ్లు కావాలా, నీళ్లు కావాలా, నెమ్మదిగా, జాగ్రత్త. అవ్వ ఇంగ్లీషు కూడా మెల్లగా, ఒక్కొక్క మాటా చేత్తో అందిస్తున్నట్టు ఉండేది కాబట్టి ఇద్దరికీ సరిపోయింది.

జేబులో ఫోను వణికింది. దిలావర్. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు, పెషావర్ మనిషి, మంచోడే గానీ నియమం దగ్గర రాయి. అతిథి గదిలో పనివాళ్లు కుర్చీలో కూడా కూర్చోకూడదన్నది ఆయన నియమాల్లో మొదటిది, ఖాసింబీ ఈ మధ్యాహ్నం కుర్చీలో కాదు, అవ్వ మంచం మీదే కూర్చుంది. సల్మాకు ప్రవక్త సమాధి పక్కనుండే రౌజాలో నమాజు చేసుకోవడానికి ఫోన్లో అనుమతి దొరికింది, ఆ సమయం తప్పితే మళ్లీ దొరకదు, అవ్వకేమో పొద్దుటి నుంచి ఆయాసం. నువ్వు పో, నాకోసం కూడా దువా చెయ్యి, అని అవ్వే మనవరాల్ని తరిమింది. కాసేపు చూస్తావా అక్కా, అని వసారాలో ట్రాలీ తోసుకుంటూ పోయే ఖాసింబీని సల్మా అడిగింది, అక్క అన్న ఆ ఒక్క మాటకు ఖాసింబీ ట్రాలీ గోడకు చేర్చింది. ఆ తర్వాత ఆయాసం పెరగడం, పెదవులు నల్లబడడం, కింద కౌంటరుకు ఫోను చెయ్యడం, అంబులెన్సు, తోడు ఎవరు వస్తారంటే ఎవరూ లేకపోతే తనే ఎక్కడం, అంతా ఒక ఊపిరిలో జరిగిపోయింది. ఉద్యోగం పోతుందేమోనన్న ఆలోచన అంబులెన్సులో కూర్చున్నాక వచ్చింది. ఫోను వణికి వణికి ఆగిపోయింది.

పక్క. అవ్వ పక్క. అదీ ఖాసింబీని మొదట కలవరపెట్టింది. రోజూ గదిలోకి పోయేసరికి దుప్పటి ముడత లేకుండా, మూలలు మడిచి పరుపు కిందికి దోపి, దిండ్లు నిలువుగా, తను కూడా అంత పొందికగా వెయ్యలేదు. అవ్వా, అది నా పని, నాకు మాట వస్తుంది, అంటే అవ్వ తన వేళ్లు చూపించింది, రెండు వేళ్ల కణుపులు వంకరగా అతుక్కుపోయి ఉన్నాయి. చిన్నప్పుడు మూల సరిగ్గా రాకపోతే బెత్తంతో కొట్టేవాళ్లు, ఇప్పుడు నేను వద్దనుకున్నా ఈ చేతులు ఊరుకోవు, అంది. ఎవరు కొట్టారు, అమ్మేనా? కాదు, అమ్మ దగ్గర్నుంచి ఎత్తుకుపోయినవాళ్లు.

ఆ రోజు నుంచి గది తుడిచేంతసేపూ అవ్వ కొంచెం కొంచెంగా చెప్పింది, వరసలో కాదు, ముందుది వెనక, వెనకది ముందు, ఖాసింబీ ఆ ముక్కల్ని రాత్రి మంచం మీద పడుకుని అతుక్కునేది. ఆ దేశంలో తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఉన్న మనుషులు అవ్వ వాళ్ల అమ్మవైపువాళ్లు. బ్రిటిషువాళ్లు ఓడల్లో వచ్చి దిగి, ఈ నేలకు సొంతదార్లు ఎవరూ లేరు అని నిర్ణయించుకున్నారట, మనుషులు ఎదురుగా నిలబడి చూస్తుండగానే. నీళ్ల గుంటలన్నీ వాళ్ల గొర్రెలకయ్యాయి, అడ్డం వచ్చినవాళ్లు తుపాకులకయ్యారు. ఎడారిలో సామాను మోయడానికి మన వైపు నుంచి ఒంటెల్నీ, ఒంటెలు తోలే పఠాన్లనూ తీసుకుపోయారు, అట్లా పోయిన ఒకాయన అవ్వ వాళ్ల నాన్నకు నాన్న. రేకులూ మట్టీ కలిపి ఒక చిన్న మసీదు కట్టి చుట్టూ ఖర్జూరపు చెట్లు నాటాడట. మనవరాలికి మెహరున్నిసా అని పేరు పెట్టింది ఆయనే. అమ్మ మాత్రం వాళ్ల మాటలో ఇంకేదో పిలిచేది. ఎల్సీ అన్నది ఎత్తుకుపోయినవాళ్లు పెట్టింది.

అమ్మ కంటే రంగు తేలిన పిల్లల కోసం పోలీసులు వచ్చేవాళ్లు, సగం తెల్లరంగున్న పిల్లల్ని నల్లవాళ్ల మధ్య ఉంచితే పాడైపోతారని దొరల చట్టం. అందుకని అమ్మ పొద్దున్నే బొగ్గునూ కొవ్వునూ కలిపి నూరి పిల్లకు నెత్తి నుంచి కాళ్లదాకా పూసేది. రెండుసార్లు బండి వచ్చి ఆ నల్లపిల్లను చూసి వెనక్కి పోయింది. మూడోసారి బండి వచ్చిననాడు వాన. ఏడాదికి ఒకసారి కూడా కురవని చోట, అందరూ నోళ్లు తెరుచుకుని ఆడుతున్నారట, పిల్ల కూడా ఆడింది, బొగ్గంతా కాలవలై కారిపోయింది. నాకు వానంటే ఇప్పటికీ ఇష్టం, అదే నా బాధ, అంది అవ్వ. నీ మంచికే, అన్నాడట పోలీసు, పిల్లను బండి వెనక ఎక్కిస్తూ. అమ్మ బండి వెంట పరిగెత్తింది, ఎంతదూరమో అవ్వకు తెలియదు, దుమ్ము ఉంటే కనపడేది కాదు, వాన కాబట్టి దుమ్ము లేదు, చాలాసేపు కనపడింది.

ఖాసింబీ కళ్లు మూసుకుంది. ఆసుపత్రి వాసన. సల్మా ఏడవడం లేదు, సంచి పట్టీని వేలికి చుట్టడం, విప్పడం, చుట్టడం. ఈ పిల్లకు ఇప్పుడు ఏం చెప్పాలి? నోరు తెరిస్తే ఏం తెచ్చిపెడుతుందో తనకు మాత్రం తెలుసా? వసారా చివర గుంపులోని ఆడవాళ్లిద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎంత అదృష్టం, ఎంత అదృష్టం, అనుకుంటున్నారు. నిజమే కదా. తనకే రేపు ఇక్కడ ప్రాణం పోతే బఖీ వద్దంటుందా? ప్రవక్త ఇంటివాళ్ల పక్కన మన్నును ఒక మనిషికి కాకుండా చేస్తే అది పాపం కాదా? పోయిన చోటే మట్టి చెయ్యాలి, శవాన్ని ఊళ్లు తిప్పకూడదు, అని ఊళ్లో మసీదు హజరత్ చెప్పేవాడు. పైగా అవ్వ అప్పుడు ఆయాసంలో ఉంది. ఆయాసంలో అన్న మాట మాటేనా? కానీ కళ్లు తేటగా ఉన్నాయి. పేరు పెట్టి పిలిచింది. ఖాసిం, అంది, ఆ బీ ఎప్పుడూ పలికేది కాదు. తాత కోసం ఇక్కడికి వచ్చాను, తాత రాలేకపోయాడు, ఆయన బాకీ తీరింది, ఇప్పుడు అమ్మ దగ్గరికి పోవాలి, అంది. తేటగానే అంది.

బండి ఎక్కించుకుపోయి వేసిన బడిలో, అది బడి కాదు, అనాథాశ్రమమూ కాదు, అందరికీ అమ్మలున్న పిల్లల్ని పెట్టిన ఆ చోట, సొంత భాషలో మాట దొర్లితే నోట్లో సబ్బు కుక్కేవాళ్లట. మీ అమ్మ చచ్చిపోయింది, అని చెప్పారట. పద్నాలుగేళ్లు రాగానే ఒక దొర ఇంట్లో పనికి పంపారు, పక్కలు వెయ్యడానికి. ఆ మాటకు ఖాసింబీ దుప్పటి దులపడం ఆపి, నేనూ ఈ హోటలుకు రాకముందు రియాద్‌లో ఒక ఇంట్లో చేశానవ్వా, అంది, అవ్వ తల అడ్డంగా ఊపింది. నువ్వు ఎవరికి చెప్పి వచ్చావు? మా ఇంట్లో చెప్పి, అందరూ బస్టాండు దాకా వచ్చి ఎక్కించారు. అదీ తేడా, అంది అవ్వ. కోపంగా కాదు. ఖాసింబీకి చెంప మీద మెల్లగా తట్టినట్టయింది. మీ దేశం నుంచి బ్రిటిషువాళ్లు వెళ్లిపోయారు కదా, మా దగ్గర పెట్టెలు విప్పి సర్దుకున్నారు, అమ్మవాళ్లు తిరిగే ఎడారిలో కొంతకు కంచె వేసి బాంబులు కూడా పేల్చి చూసుకున్నారు, అని కూడా అంది ఇంకోరోజు, ఖర్జూరం గింజను అరచేతిలో ఉమ్మి దానికేసి చూస్తూ. ముప్పై ఏళ్లు దాటాక తెలిసిందట, అమ్మ చావలేదని, ఒక్క పగటి ప్రయాణం దూరంలో, రైలు ఆగే చోట, వచ్చిన ప్రతి రైలుకూ ఎదురుపోయి పిల్లలు దిగే పెట్టెల్లోకి తొంగిచూసేదని. తెలిసేసరికి ఆమె మట్టిలో కలిసి ఏడాది. ఒక్క మాట మిగిలింది నాకు అమ్మ భాషలో, అంది అవ్వ. ఏంటవ్వా ఆ మాట? చెప్పను. బయటికి అంటే అరిగిపోతుంది.

ఖాసింబీకి తన అమ్మ గుర్తొచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది, జమ్మలమడుగు పక్కన వాళ్ల పల్లె, పల్లె చివర తుమ్మచెట్ల కింద సమాధులు, దూదేకులవాళ్ల సమాధులన్నీ ఒకే వరస, అమ్మది ఆ చివర, పలుగురాయి గుర్తు. రిజర్వాయరు నీళ్లు వస్తున్నాయని లారీల్లో సామాను ఎక్కించిననాడు ఖాసింబీ ఈ దేశంలోనే ఉంది, రియాద్‌లో, మేడ మీద బట్టలు ఆరేస్తూ. తర్వాత తమ్ముడు మస్తాన్ వీడియో కాల్ చేశాడు. ఫోన్లో అంతా నీళ్లే, ఎండకు మెరుస్తూ, చూడ్డానికి అందంగా కూడా ఉన్నాయి. "అమ్మ యాడుందిరా?" అనడిగింది. "ఆడ, తుమ్మచెట్టు కొన కనపడ్తాందే, దానికి ఇంకా అవతలక్కా," అన్నాడు వాడు. ఆమె ఎంత చూసినా కొన కనపడలేదు, కనపడిందిలేరా అని అబద్ధమాడింది. దేశం మంచికే అన్నారు అధికారులు, నిజంగానే ఎక్కడో ఎవరి పొలాలో పండుతున్నాయి, ఆమె కాదనదు. అమ్మ నీళ్ల కింద ఉందన్నది కూడా నిజమే. పోయిన అమ్మకు ఫాతిహా చదవాలంటే ఏ దిక్కుకు తిరిగి చదవాలి? మస్తాన్ కట్ట మీద నిలబడి నీళ్లకేసి తిరిగి చదువుతాడట. ఇదంతా అవ్వకు చెప్పిందా? చెప్పింది, నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, ఊరు, నీళ్లు, అమ్మ, లోపల, అని చేతుల్తో చూపించి. అవ్వ లేచి వచ్చి ఖాసింబీ తలకు తన నుదురు ఆనించింది. అందుకేనేమో, చివరి మాటకు మనవరాలు వచ్చేదాకా ఆగకుండా ఈ చెయ్యి పట్టుకుంది.

ఫోను మళ్లీ వణికింది. ఈసారి తీసింది. ఎక్కడున్నావని దిలావర్ అరిచాడు. "ఆసుపత్రిలో ఉన్నా భాయ్. ఏడో అంతస్తు ముసలామె పోయింది. నేనే పక్కన ఉన్నా. మంచం మీద కూర్చున్నా కూడా," అంది ఉర్దూలో, ఎటూ తెలిసేదే అని. ఇన్నాలిల్లాహి, అని పోయినవాళ్ల కోసం అనే మాట అన్నాడు అవతల. "మిగిలిన గదులు నేను చేయిస్తాను. అక్కడి పని అయ్యాకే రా," అన్నాడు. ఖాసింబీ ఫోను చూస్తూ కూర్చుంది, రాయి అనుకున్న మనిషి ఇట్లా పలికేసరికి అంతసేపు రాని ఏడుపు అప్పుడు గొంతుదాకా వచ్చింది.

లిఫ్టు తెరుచుకుంది. ఇస్మాయిల్ భాయ్ చేతిలో కాయితాలు. అన్నీ అయ్యాయమ్మా, అల్లా మన పని సులువు చేశాడు, ఇక్కడొక్క సంతకం, అంటూ సల్మా ముందు వంగాడు. సల్మా పెన్ను తీసుకుంది. ఎక్కడ పెట్టాలో కూడా చూడడం లేదు ఆ పిల్ల, ఆయన వేలు పెట్టిన చోటుకు పెన్ను పోతోంది.

"సల్మా," అంది ఖాసింబీ. పెన్ను ఆగలేదు. లేచి నిలబడి మళ్లీ అంది. "సల్మా, ఆగు. అవ్వ ఇక్కడ వద్దంది. అమ్మ దగ్గరికి తీసుకుపొమ్మంది."

సల్మా తలెత్తింది. "ఏ అమ్మ? మా అమ్మా?"

"కాదు. అవ్వ వాళ్ల అమ్మ."

సల్మా మొహం ఎర్రబడింది. "ఇక్కడికి రావాలని ఎన్నేళ్లు కలగందో నీకేం తెలుసు? మాతో ఒక్కరోజు కూడా అట్లా అనలేదు. మాకు చెప్పనిది నీకు చెప్పిందా? అసలు నువ్వెవరు?"

"నేనెవర్నీ కాదు," అంది ఖాసింబీ. "ఆ టైంలో పక్కన ఉన్నా. అంతే."

ఇస్మాయిల్ భాయ్ ఉర్దూలోకి మారి మెత్తగా అన్నాడు, "బేటీ, ప్రాణం పోయేటప్పుడు మనిషి ఏదేదో అంటాడు. బఖీని కాదని ఆమెను రోజుల తరబడి ఐసుపెట్టెలో ఉంచుతామా? నేను ఆమె మంచికే కదా చెప్తున్నా."

ఆయన చెడ్డవాడు కాదు. మధ్యాహ్నం నుంచి తిండి కూడా తినకుండా ఈ కాయితాల కోసమే తిరిగాడు. ఖాసింబీ చేతులు యూనిఫారం జేబుల్లో పెట్టుకుంది. "ఆమె మంచికే అంటూ ఆమెను చాలాసార్లు మోసుకుపోయినారు భాయ్ సాబ్. ఒక్కసారి కూడా ఆమెను అడగలేదు. ఈసారి అడక్కపోయినా ఆమే చెప్పింది. విన్నది నేనొక్కదాన్నే, చెప్పకపోతే ఆ మాట నాతోనే పోతుంది."

ఇస్మాయిల్ భాయ్ కాయితాలు మడిచి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు, నెమ్మదిగా, ఆయనా ముసలివాడే అన్నది అప్పుడు తెలిసింది.

"అమ్మమ్మ ఎట్లా అందో అట్లాగే చెప్పు," అంది సల్మా. "నీ మాటల్లో కాదు."

ఖాసింబీ చెప్పింది. ఇంగ్లీషులో, అవ్వ ఆగిన చోట ఆగి, ఊపిరి తీసుకున్న చోట తీసుకుని. చివర ఇంకో ముక్క ఉంది, తనకు అర్థం కాక పక్కన పెట్టినది, అదీ చెప్పింది. "మా పిల్లకు చెప్పు, భయం నాది, తనది కాదు, అంది."

సల్మా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత వచ్చింది ఏడుపు, లోపల ఎక్కడో కట్ట తెగినట్టు. గుంపులోని ఆడవాళ్లు దగ్గరికి వస్తుంటే వద్దని చెయ్యి ఊపింది. ప్రతి ఏడూ అమ్మమ్మ కారులో నీళ్లూ రొట్టెలూ పెట్టించేదట, ఈసారి అమ్మ సమాధికి పోదాం అని, ఊరి పొలిమేర దాటేదాకా బాగానే ఉండి అక్కడ కారు తిప్పెయ్యమనేదట, అమ్మవైపువాళ్లు నన్ను గుర్తుపట్టకపోతే ఏం చెయ్యను, భాష కూడా రానిదాన్ని, అని. చూసి చూసి ఇంట్లోవాళ్లు ఆ ఊసే మానేశారట. సల్మా కూడా ఆ చోటు ఎప్పుడూ చూడలేదు.

"నంబరొకటి ఉంది," అంది కళ్లు తుడుచుకుంటూ. "అమ్మమ్మ వాళ్ల పిన్ని కూతురి ఇల్లు. ఎవరో వెతికి ఇచ్చారు. మేం ఎప్పుడూ చెయ్యలేదు."

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఆడవాళ్లు వెళ్లారు. ఇస్మాయిల్ భాయ్ లేచి, సంతకం లేని కాయితాలను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "రాయబార కార్యాలయంలో ఎవరిని పట్టుకోవాలో నమాజయ్యాక కనుక్కుంటాను," అన్నాడు సల్మాతో, మొహంలో ఆ వెలుగు లేకపోయినా.

అక్కడ అప్పుడు నడిరాత్రి దాటి ఉంటుంది. సల్మా ఫోను చేసింది. చాలాసేపు మోగింది. ఖాసింబీ పోబోతే సల్మా ఆమె చెయ్యి వదల్లేదు, ఫోను ఇద్దరి మధ్యా కుర్చీ మీద పెట్టింది. నిద్రలోంచి లేచిన ఒక ఆడగొంతు, ఎవరు, అంది. సల్మా తడబడుతూ తన పేరు చెప్పి, అమ్మమ్మ పేరు చెప్పింది, అమ్మమ్మ వాళ్లమ్మ పేరు చెప్పింది, ఎక్కడున్నదీ, ఏం జరిగిందీ చెప్పి, మీ దగ్గరికి తీసుకురావచ్చా, అని అడిగింది. అవతల ఒక కుక్క మొరిగింది. ఎవరో ఎవరినో లేపుతున్నట్టు తలుపుల చప్పుడు, గొంతులు, ఒకటి కాదు, చాలా. వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్న మాటలు ఇంగ్లీషు కావు, ఖాసింబీ అట్లాంటి భాష ముందెన్నడూ వినలేదు. మళ్లీ ఆ ఆడగొంతే వచ్చింది, ఏడుస్తోంది, అయినా మాట గట్టిగానే ఉంది. తీసుకురండి, వాళ్లమ్మ పక్కన ఆమెకు చోటు ఉంచాం, అంది. తారురోడ్డు అయిపోయాక ఎటు తిరగాలో, ఎండిపోయిన ఏటి దగ్గర ఏ పక్క దారి పట్టాలో ఒక్కొక్కటే చెబుతుంటే సల్మా ఒక్కొక్కటే తిరిగి అప్పజెప్పింది.

"మా ఊరి గేటు దగ్గర కారు ఆపండి," అంది ఆ గొంతు. "లోపలికి రావద్దు. అక్కడే నిలబడండి. మేమే ఎదురొచ్చి ఆమెను ఇంటికి తీసుకుపోతాం."